కడప ఎండలో సముద్రం సెంటు: సీసాలోకి ఊళ్లు, కాలాలు ఎలా వస్తాయి?

ఏప్రిల్ వచ్చిందంటే సెంటు సీసాల మీదికి సముద్రం వచ్చేస్తుంది. కడప వై.వి. స్ట్రీట్‌లోనో, కర్నూలు వన్‌టౌన్‌లోనో, అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరో అంగట్లోకి అడుగుపెడితే నీలిరంగు సీసాలు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద ‘ఆక్వా’, ఇంకోదాని మీద ‘ఓషన్’, మరోదాని మీద ‘ఐలాండ్’. ఫోన్ తెరిస్తే రీల్స్‌లో ఇదే గోల: ఇది కొట్టుకుంటే ఇటలీ తీరం, అది కొట్టుకుంటే గోవా సెలవులు. సముద్రం చూడాలంటే కొండలు దాటి నెల్లూరు వైపు పోవాల్సిన మనకు ఈ సరుకంతా ఏం చెబుతోంది?

జనం అడిగే ప్రశ్నలు సూటిగానే ఉంటాయి. సముద్రం వాసనను సీసాలోకి ఎట్లా పట్టారు? వేలు పోసి కొన్నది ఇక్కడి ఎండకు గంటలో ఎందుకు ఎగిరిపోతోంది? కువైట్ నుంచి మామ తెచ్చిన వేలెడంత సీసా మాత్రం ఉతికినా చొక్కాను ఎందుకు వదలదు? జవాబు కొంత సీసాలో ఉంది, కొంత మన ఎండలో ఉంది. ఎక్కువ భాగం మాత్రం వాసన చూసేవాడి తలలో ఉంది.

సీసా మీది ఫ్రెంచి మాటల లెక్క

వాసననిచ్చే పదార్థాలను స్పిరిట్‌లో, అంటే ఎథనాల్‌లో, కరిగిస్తే సెంటు. ఎంత చిక్కగా కరిగించారన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. ‘పర్ఫ్యూమ్’ అని మాత్రమే ఉంటే 20 శాతం, ఆపైన. ‘ఓ ద పర్ఫ్యూమ్’ 15 నుంచి 20. ‘ఓ ద టాయిలెట్’ 5 నుంచి 15. ‘ఓ ద కొలోన్’ 2 నుంచి 4. బాడీ మిస్ట్ ఇంకా పలచన. ఇవి చట్టం గీసిన గీతలు కావు, వ్యాపారంలో స్థిరపడిన అంచనాలు. ఒక కంపెనీ టాయిలెట్ మరో కంపెనీ పర్ఫ్యూమ్ కంటే ఘాటుగా ఉండొచ్చు.

అంగట్లో ఈ లెక్క పనికొస్తుంది. 8 శాతం ఉన్న 100 మిల్లీలీటర్ల టాయిలెట్ సీసాలో అసలు సుగంధం 8 మిల్లీలీటర్లు. 16 శాతం ఉన్న 50 మిల్లీలీటర్ల పర్ఫ్యూమ్ సీసాలోనూ అంతే, 8 మిల్లీలీటర్లు. పెద్ద సీసా చవక అనిపిస్తే, మీరు ఎక్కువగా కొన్నది స్పిరిట్ అన్నమాట. అత్తరులో స్పిరిట్ ఉండదు, మొత్తం నూనే. అందుకే అది వేలెడు సీసాలో వస్తుంది, అందుకే దాన్ని కొట్టుకోరు, పూసుకుంటారు.

సెంటులోని అణువులన్నీ ఒకేసారి గాల్లోకి లేవవు. నిమ్మ, నారింజ జాతి వాసనలు తేలికవి, నిమిషాల్లో పోతాయి. తర్వాత పూలు బయటపడతాయి. గంధం, వట్టివేరు, కస్తూరి, వెనిలా లాంటివి అడుగున ఉండి సాయంత్రం దాకా మిగులుతాయి. అంగట్లో అట్టముక్క మీద చల్లి ముక్కు దగ్గర పెట్టినప్పుడు మనకు తెలిసేది మొదటి వాసన మాత్రమే. ఇంటికొచ్చాక ‘ఇది నేను కొన్నది కాదే’ అనిపించడానికి చాలాసార్లు నకిలీ సరుకు కారణం కాదు, ఈ దొంతరే కారణం.

సముద్రం లేని సముద్రం వాసన

సముద్రాన్ని వడగట్టి సెంటు తీయలేరు. అసలు కడలి గాలికి ఆ వాసన రావడానికి పెద్ద కారణం డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు. నీటిలోని సూక్ష్మజీవుల నుంచి పుడుతుంది. దాన్ని చొక్కాకు పూసుకుంటే పక్కవాడు లేచి పోతాడు.

సీసాలోని ‘సముద్రం’ వేరే చోట పుట్టింది. 1966లో ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు మందుల పరిశోధనలో ఉండగా ఒక పదార్థం చేతికి వచ్చింది. తర్వాత దానికి కేలోన్ అని పేరు పెట్టారు. దాని వాసనలో ఉప్పుగాలి ఛాయ ఉంది, దానికంటే బలంగా పుచ్చకాయ ఛాయ ఉంది. 1990ల్లో ప్రపంచాన్ని ముంచెత్తిన ‘మెరైన్’ సెంట్లలో చాలావాటికి ఇదే ప్రాణం. వ్యాపారంలో దీని ముద్దుపేరే పుచ్చకాయ కీటోన్.

ఇప్పుడు మన వైపు నుంచి చూడండి. ఎండాకాలంలో హైవే పక్కన కళింగర కాయల కుప్పలు చూస్తూ పెరిగినవాడు ఈ సెంటు పీలిస్తే ఏమంటాడు? ‘సముద్రం’ అనడు, ‘కళింగర పండు కోసినట్టుంది’ అంటాడు. అతని ముక్కు తప్పు చెప్పలేదు. సీసా మీద అల బొమ్మ చూడకపోతే చాలామంది అదే చెబుతారు. సముద్రమని అనిపించే పనిలో సగం ఆ నీలిరంగు, ఆ పేరు చేస్తున్నాయి.

ఊరిని సెంటుగా మార్చేవాళ్లు ఏం చేస్తారు?

ప్రయాణాన్ని సీసాలో పెట్టాలన్న ఆశ కొత్తది కాదు. ఇటలీ నుంచి జర్మనీలోని కొలోన్ నగరానికి వలస వచ్చిన జొహాన్ మరియా ఫరీనా 1708లో తన సోదరుడికి ఉత్తరం రాస్తూ, తాను చేసిన సుగంధం ఇటలీ వసంతకాలపు ఉదయాన్ని, వాన వెలిసిన తర్వాతి నారింజ పూలను గుర్తు చేస్తుందన్నాడు. మరుసటి ఏడు పెట్టిన వ్యాపారం నుంచే ‘కొలోన్’ అన్న పేరు లోకమంతా పాకింది. ఇంటి మీద బెంగపడ్డ ఒక వలసజీవి సరుకు అది.

ఈ కాలంలో అదే పనిని ప్రణాళిక ప్రకారం చేసిన వ్యక్తి ఫ్రెంచి సెంట్ల నిపుణుడు జాన్ క్లోద్ ఎలెనా. హెర్మెస్ సంస్థ కోసం ఈజిప్టులోని ఆస్వాన్ వెళ్లి, అక్కడ చెట్లకు వేలాడే పచ్చి మామిడికాయల వాసన పట్టుకుని నైలు నది పేరుతో 2005లో ఒక సెంటు చేశాడు. 2008లో కేరళ వానల తర్వాతి తోటను తలపించేలా అల్లం, యాలకులు, మిరియాలు, వట్టివేరు కలిపి ఇంకొకటి చేశాడు. మొదటిదాంట్లో మామిడి సారం ఏమీ లేదు. పచ్చి మామిడి నుంచి సెంటుకు పనికొచ్చే సారం తీయడం కుదరదు కాబట్టి వేరే వాసనలను పేర్చి మామిడి అనిపించాడు. పారిస్‌లో దాన్ని కొన్నవాళ్లకు అది దూరదేశం. బనగానపల్లె చుట్టుపక్కల పుట్టినవాళ్లకు కాయ తుంచినప్పుడు కారే జీడి, తొక్కుడు ముక్కలు, జాడీలు కడిగే హడావిడి. సీసా ఒకటే, చేరుకున్న ఊరు వేరు.

ఇంకో దారి యంత్రాలది. కోయని పూవు మీద గాజు బుడగ లాంటిది బోర్లించి, ఆ పూవు వదిలే గాలిని పట్టి, అందులో ఏ అణువులున్నాయో లెక్కగట్టి, వాటిని మళ్లీ కలుపుతారు. ఈ పద్ధతిలో పేరు తెచ్చుకున్నవాళ్లలో భారత సంతతి శాస్త్రవేత్త బ్రజ ముఖర్జీ ఒకరు. 1998లో డిస్కవరీ అంతరిక్ష నౌకలో ఒక చిన్న గులాబీ మొక్కను పంపి, భార రహిత స్థితిలో దాని పూవు వదిలిన వాసనను పట్టించారు. నేల మీది పూవుకూ అక్కడి పూవుకూ వాసన మారింది. ఆ వాసన తర్వాత ఒక జపాన్ సెంటులోకి చేరింది. బహుశా అంతకంటే దూరం పోయివచ్చిన ప్రయాణపు సెంటు ఇంకోటి ఉండదు.

మల్లెపూల విషయంలో ఈ తేడా మనకు ఇంట్లోనే తెలుస్తుంది. మొగ్గగా కోసి మూర కట్టిన మల్లె సాయంత్రం విచ్చుకునేటప్పటి వాసన వేరు, తెల్లారి వాడిన దండ వాసన వేరు. నీటి ఆవిరికి మల్లె తట్టుకోదు కాబట్టి ద్రావకాలతో సారం తీస్తారు. ఆ సారం మూడో రకంగా ఉంటుంది.

ముక్కు నుంచి జ్ఞాపకానికి దగ్గరి దారి

ముక్కు లోపల పైభాగంలో వాసనలను పట్టే గ్రాహకాలు మనిషికి దాదాపు 400 రకాలు ఉన్నాయి. వీటి జన్యువులను 1991లో కనిపెట్టినందుకు లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌కు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. చూపు, వినికిడి లాంటివి మెదడులో ముందుగా థాలమస్ అనే కూడలికి చేరి, అక్కడి నుంచి విడిపోతాయి. వాసన అక్కడ ఆగకుండా భావోద్వేగాలను నడిపే అమిగ్డలా దగ్గరికి, జ్ఞాపకాలను అల్లే హిప్పోక్యాంపస్ పొరుగుకు నేరుగా వెళ్తుంది. అందుకే పేరు గుర్తురాక ముందే గుండె కలుక్కుమంటుంది. వాసన తట్టి లేపే జ్ఞాపకాల్లో ఎక్కువ భాగం పదేళ్ల లోపు వయసువని పరిశోధనల్లో తేలింది. ఫొటోలు, మాటలు లేపేవి ఎక్కువగా ఆ తర్వాతి వయసువి. అయితే ఒక జాగ్రత్త. వాసనతో వచ్చే జ్ఞాపకం గాఢంగా ఉంటుంది కానీ, గాఢంగా ఉన్నంత మాత్రాన వివరాలన్నీ నిజమని కాదు.

మరి ఏ వాసన నచ్చుతుందన్నది పుట్టుకతో వచ్చేదా, పెరిగిన చోటు నేర్పేదా? ఇక్కడ రెండు పక్షాలున్నాయి.

నేర్చుకునేదే అనేవాళ్లు వింటర్‌గ్రీన్ అనే మొక్క నూనె కథ చెబుతారు. 1960ల్లో బ్రిటన్‌లో వాసనల మీద అభిప్రాయాలు అడిగితే అది అడుగున నిలిచింది. 1970ల్లో అమెరికాలో అడిగితే పైన నిలిచింది. బ్రిటన్ వాళ్లకు యుద్ధకాలంలో ఒంటికి పూసిన మందు అది, అమెరికా వాళ్లకు మిఠాయి. మనకేమో నొప్పుల బాము, అంటే అవ్వ మోకాళ్లు.

అణువు స్వభావమే ముఖ్యమనేవాళ్ల దగ్గరా గట్టి ఆధారం ఉంది. 2022లో అచ్చయిన ఒక అధ్యయనంలో అడవుల్లో, తీరాల్లో, నగరాల్లో ఉండే వేర్వేరు సమాజాల వాళ్లకు ఒకే రకం వాసనలు ఇచ్చి, నచ్చిన వరసలో పెట్టమన్నారు. అంతటా వెనిలా వాసన పైనే నిలిచింది. చెమట పట్టిన పాదాల వాసన అడుగునే ఉంది. ఇష్టాల్లోని తేడాలకు అణువు కారణమైంది 41 శాతం, వ్యక్తిగత అభిరుచి 54 శాతం, సంస్కృతి 6 శాతమే.

ఈ రెండూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, నాకు అలా అనిపించదు. ఒక ఊరి మనుషులందరికీ ఒకే ముక్కు ఉండదని ఆ 54 శాతం చెబుతోంది. కడప నుంచి రాయచోటి పోయే బస్సే తీసుకోండి. గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో వాంతి రాకుండా నిమ్మకాయ మూచూసుకుంటూ కూర్చున్న పిల్లవాడికి నిమ్మ వాసన అంటే కడుపులో తిప్పడమే. పెద్దయ్యాక ఫరీనా వారి ఇటలీ ఉదయాన్ని చేతికి రాసినా వాడికి ఆ ఘాట్ మలుపులే గుర్తొస్తాయి. పక్క సీట్లో ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుని, ఘాట్ దాటగానే పాలకోవా కోసం దిగిన చెల్లెలికి మరిగే పాల తీపి వాసన ప్రయాణమంటే సంతోషమని చెబుతుంది. క్రీము, పంచదార పాకం వాసన వచ్చే ఇప్పటి సెంట్లు ఆమెకు యూరప్ బేకరీని కాదు, గువ్వలచెరువును చూపిస్తాయి. ఒకే జిల్లా, ఒకే బస్సు, ఒకే ఇల్లు.

హార్స్లీ హిల్స్ కూడా ఇలాంటిదే. కడప కలెక్టర్‌గా పనిచేసిన హార్స్లీ పేరు మోస్తున్న ఆ కొండ మీద యూకలిప్టస్ చెట్ల వాసన తగిలిందంటే చాలామందికి ఎండ నుంచి తప్పించుకున్నట్టు. ఇంట్లో పడిశంతో నీలగిరి తైలం ఆవిరి పట్టించుకున్నవాళ్లకు అది జ్వరం.

42 డిగ్రీల్లో సెంటుకు ఏమవుతుంది?

ద్రవం నుంచి అణువులు ఆవిరయ్యే ఒత్తిడి ప్రతి పది డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. పారిస్ వసంతంలో గాలి 18 డిగ్రీలు, కడప మే నెలలో 42 అనుకుందాం. తేడా 24. అంటే చొక్కా మీద చల్లిన సెంటు ఇక్కడ అయిదు రెట్ల వేగంతో లేస్తుంది. అక్కడ మూడు గంటలు నిలిచే పూల వాసన ఇక్కడ అరగంట చిల్లర.

చర్మం మీద లెక్క అంత ఘోరంగా ఉండదు. బయట ఎంత ఉన్నా ఒంటి చర్మం చల్లటి చోట 31, 32 డిగ్రీల్లో, వేడి చోట 35, 36 డిగ్రీల్లో ఉంటుంది. తేడా నాలుగు డిగ్రీలే కాబట్టి వేగం మూడో వంతు మాత్రం పెరుగుతుంది. దీనికి చెమట, వడగాలి తోడవుతాయి. పైగా పొడిగాలిలో ముక్కు లోపలి తేమ తగ్గి వాసన పట్టే శక్తీ కాస్త మందగిస్తుంది. చెన్నైలో అందరికీ తెలిసే సెంటు అనంతపురంలో తెలియకపోవడంలో ఈ వాటా కొంత ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎడతెగకుండా వచ్చే వాసనను మెదడు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. మనకు తెలియడం లేదంటే పోయిందని కాదు. ఇది తెలియక మళ్లీ మళ్లీ కొట్టుకునేవాళ్లతో పల్లెవెలుగు బస్సెక్కినవాళ్లకు ఆ సెంటు ఏ ప్రయాణాన్ని గుర్తు చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

కువైట్ సీసా ఎందుకు వదలదు?

ఎండాకాలానికి తేలిక సెంట్లు, చలికాలానికి బరువైనవి అన్నది యూరప్ సూత్రం. వేడికి బరువైన తీపి వాసనలు ఉబ్బి ఊపిరాడనివ్వవని వాళ్ల వాదన, అందులో నిజముంది. కానీ మనకంటే వేడిగా ఉండే గల్ఫ్‌లో జనం దీనికి సరిగ్గా తిరగబడి నడుస్తారు. ఊద్ అనే అగరు చెక్క సుగంధం, అంబర్, కస్తూరి, గులాబీ, ఆపైన బట్టలకు ధూపం. వాళ్ల లెక్కలోనూ న్యాయముంది. 45 డిగ్రీల్లో నిమ్మ వాసన గుమ్మం దాటేలోపు పోతుంది, నిలిచేది బరువైన అణువే. పైగా అక్కడ సుగంధం ఒంటి ముచ్చట మాత్రమే కాదు, ఇంటికొచ్చిన అతిథికి చేసే మర్యాద.

కడప, రాజంపేట, రాయచోటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్ పోయినవాళ్లు లేని వీధి తక్కువ. సెలవుల్లో వచ్చినవాళ్ల పెట్టె తెరిస్తే సబ్బులతో పాటు వచ్చే ఆ సెంటు వాసనే ఇక్కడ రెండు తరాల పిల్లలకు విదేశమంటే తెలిసిన మొదటి సంగతి. వాళ్లు విమానం ఎక్కలేదు, ఎడారి చూడలేదు. అయినా ఊద్ పీలిస్తే ప్రయాణం గుర్తొస్తుంది, నాన్న రాక గుర్తొస్తుంది, కొందరికి నాన్న లేని ఏళ్లు గుర్తొస్తాయి. ఆ ఊద్‌కు మూలమైన అగరు చెట్టు మన అస్సాంలోనూ పెరుగుతుంది. 1951లో మొదలై గల్ఫ్‌లో పెద్ద పేరైన అజ్మల్ సంస్థను స్థాపించింది అస్సాం మనిషే.

ఈ రెండు సూత్రాల్లో మనకేది సరి? గల్ఫ్ సూత్రం వెనక ఏసీ గదులున్నాయి, యూరప్ సూత్రం వెనక 25 డిగ్రీల ఎండాకాలం ఉంది. రెండూ మనవి కావు. మధ్యలో ఒకటుంది, వట్టివేరు. దాని అణువులు బరువైనవి కాబట్టి ఎండకు నిలుస్తాయి. కుండ నీళ్లలో వేసిన వేళ్లు, తడిపి కిటికీకి కట్టిన తడికలు ఎరిగినవాళ్లకు అది చల్లదనం. నిజానికి వాసన ఒంటిని చల్లబరచదు. చల్లబరిచేది తడిక మీద ఆరే నీరు. అయినా ఆ రెండూ ఎప్పుడూ కలిసే వచ్చాయి గనక మెదడు విడదీయదు.

పేర్లు చేసే తికమక

శేషాచలం కొండల ఎర్రచందనానికి వాసన దాదాపు లేదు. సుగంధమిచ్చేది వేరే జాతి చెట్టు, శ్రీగంధం. ఎర్రచందనానికి అంత గిరాకీ దాని రంగుకు, చేవకు. కడప పెద్ద దర్గా ఉరుసు గంధానికీ ఆ దుంగలకూ సంబంధం లేదు.

అత్తరు అంగట్లో కస్తూరి అని అమ్మేది జింకది కాదు. కస్తూరి మృగానికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. వాడేది ప్రయోగశాలలో చేసిన కస్తూరి. గులాబీ సంగతి లెక్క వేసి చూడొచ్చు. కిలో నూనెకు సుమారు నాలుగు టన్నుల రేకులు కావాలి. పది మిల్లీలీటర్ల నూనె ఎనిమిదిన్నర గ్రాముల చుట్టూ తూగుతుంది, అంటే 34 కిలోల రేకులు. వంద రూపాయల సీసాలో అవి ఉండవు. దీన్ని మోసమని కొందరు అంటారు. జింక బతికింది, చందనం చెట్టు మిగిలింది, వంద రూపాయలవాడికీ వాసన దక్కింది అని ఇంకొందరు. సహజమైనదంతా ఒంటికి మంచిదన్న నమ్మకమూ నిలవదు. కొలోన్లలో వాడే బెర్గమోట్ అనే నిమ్మజాతి నూనెలో సహజంగా ఉండే బెర్గాప్టెన్, పూసుకున్న చోట ఎండ తగిలితే నల్లటి మచ్చలు తెస్తుంది. అందుకే పెద్ద కంపెనీలు దాన్ని తీసేసిన నూనె వాడతాయి.

ముంగారు వాన, కన్నౌజ్ మట్టి

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురంలో ఎండాకాలపు అసలు సుగంధం దాని చివర్లో వస్తుంది. తొలి చినుకుకు లేచే ఆ వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇజబెల్ బేర్, రిచర్డ్ థామస్ పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఎండకు మాడిన రాళ్లూ మట్టీ పీల్చుకున్న నూనెలు అందులో ఒక భాగం. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా చేసే జియోస్మిన్ ఇంకో భాగం. లక్ష కోట్ల వంతుల్లో అయిదు వంతులున్నా మన ముక్కు దాన్ని పడుతుంది. బీట్‌రూట్‌లోని మట్టి వాసనా అదే. చినుకు పొడినేలను తాకినప్పుడు దాని కింద చిక్కిన గాలి బుడగలై పైకి వచ్చి, పగిలి, ఈ అణువులను తుంపరగా ఎగజిమ్ముతుందని 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు వేగవంతమైన కెమెరాలతో చూపించారు. జడివానకంటే మోస్తరు చినుకులకే ఇది బాగా జరుగుతుంది.

శాస్త్రం పేరు పెట్టకముందే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో దీన్ని అమ్ముతున్నారు. చెరువు మట్టిని సగం కాల్చి, రాగి డేగిసాలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా చందనం నూనె ఉన్న పాత్రలోకి దింపుతారు. మట్టి అత్తరు అదే. ఇప్పుడు ‘తొలకరి’ పేరుతో వచ్చే చవక స్ప్రేల్లో ఎక్కువగా ఉండేది ప్రయోగశాల జియోస్మిన్, అదీ నలుసంత. మోతాదు కాస్త మించితే చెరువు చేప వాసన కొడుతుంది. తాగునీటిలో ఇదే అణువు చేరితే ఊళ్ల నుంచి ఫిర్యాదులు వస్తాయి.

నేల ఎంత నీరు పీలుస్తుందన్నదాన్ని బట్టి, అందులో ఏ జీవులున్నాయన్నదాన్ని బట్టి వాసన మారుతుంది. అనంతపురం ఎర్రనేల మీద వాన పడితే వచ్చేది, జమ్మలమడుగు నల్లరేగడి మీద పడితే వచ్చేది ఒకటి కాదు. ఈ రెండింటిలో ఏదీ ఇంతవరకు సీసాలోకి ఎక్కలేదు. అంగట్లో దొరికే మట్టి అత్తరు అసలుదే అయినా, అది గంగా మైదానపు చెరువు మట్టి.